చెట్టు కొసన నీడ

ఆ రోజు పొద్దున ఆకాశానికి ఏ సంగతీ తేలలేదు. తూర్పున ఎండ కాస్తోంది. పడమర మబ్బులు ఒకదాన్నొకటి తోసుకుంటూ కొండెక్కుతున్నాయి. పైన మబ్బు పరుగెడుతుంటే కింద ఆకు కదలడం లేదు. మధ్యాహ్నం దాటితే ఆ గాలి కిందికి దిగుతుందని నత్త లెక్క వేసుకున్నాడు. సర్వే ఆఫీసు మెట్ల మీద నిలబడి తీరిగ్గా మబ్బుల్ని చూస్తున్నాడు. లోపల ఒక అమ్మాయిని అరెస్టు చేసే పని జరుగుతోంది.

నత్త అతని పేరు కాదు. అసలు పేరు పెళ్ళిపత్రికలో ఒకసారి అచ్చయింది, ఆ తర్వాత దానితో ఎవరికీ పనిపడలేదు. ప్రైవేటు డిటెక్టివు. నడక నిదానం, మాట అంతకన్నా నిదానం. దారిలో గులకరాయి కనబడితే దాని యోగక్షేమాలు కనుక్కుని గానీ ముందుకు పోడని భార్య అంటుంది. ఆ పూట అతన్ని అక్కడికి తరిమింది కూడా ఆవిడే.

"మా తమ్ముడు ఒక ఆడపిల్లని పట్టుకుపోతానంటున్నాడు. ఆ పిల్ల నా స్నేహితురాలి కూతురు. వాడు నా మాట వినడు, మీరు వింటారు. వెళ్ళి సంగతేమిటో చూడండి," అంటూ నాలుగు గిన్నెల క్యారేజీ చేతికిచ్చింది. "ఇది మీ ఇద్దరికీ. కలిసి తినాలి. తినేటప్పుడు కేసు గురించి నోరెత్తారో, రాత్రికి ఇద్దరికీ పొయ్యి వెలగదు."

ఒకసారి బావా బావమరుదులు ఒక హంతకుడి గురించి వాదించుకుంటూ భోజనాల బల్ల మీద కూరగిన్నె బోర్లించారు. ఆ రోజు పుట్టిన శాసనం అది. అప్పట్నించీ ఆ ఇంటి తిండి ఎక్కడ తిన్నా నోరు నమలడానికే.

నత్త లోపలికి వెళ్ళేసరికి కంప్యూటర్ల గదిలో బావమరిది కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు అయిన కొత్తలో అద్దం ముందు సాధన చేసిన భంగిమ అది. నత్త చూశాడు కూడా.

"వచ్చావా బావా? దారిలో ఎన్ని చీమల్ని పలకరించావు?"

"ఏడు. ఒకటి నువ్వెలా ఉన్నావని అడిగింది."

"నేను డ్యూటీలో ఉన్నాను. నువ్వు అనకు."

"సరే. తమరెలా ఉన్నారని అడిగింది."

కుర్చీలో కూర్చున్న అమ్మాయి నవ్వాపుకోలేక చేతిలో పెన్సిల్ని కొరికింది. ఆఫీసులో అందరూ ఆమెను లేజరమ్మ అంటారు. కళ్ళ కింద నిద్రలేని నలుపుంది. ఏడ్చిన జాడ లేదు. పెన్సిలు మాత్రం సగానికి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "సూటిగా చెప్తాను. కొండవతల లోయలో ఎనభై మీటర్లు దాటిన చెట్టు ఒక్కటి నిలబడి ఉన్నా ఆ లోయలో కోత కుదరదు. అది రూలు. ఈవిడ విమానం నుంచి లేజరు వేయించి, ఎనభై మూడు మీటర్ల చెట్టుందని రాసిచ్చింది. కోత కాంట్రాక్టరు నమ్మలేదు. పోయిన వారం మనిషిని ఎక్కించి పైనుంచి టేపు వదిలించాడు. ఎంతో తెలుసా? యాభై నాలుగు! మిగతాది ఈవిడ గాల్లోంచి పుట్టించింది. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి కోత మొదలు. ఈవిడ ఉద్యోగం పోతుంది, దొంగ లెక్క రాసినందుకు కేసు నేను పెడతాను."

"నువ్వెళ్ళి చెట్టు చూశావా?"

"ఎందుకు? కాయితం మీద మూడు సంతకాలున్నాయి. కాంట్రాక్టరు, ఎక్కిన మనిషి, సాక్షిగా జీపు డ్రైవరు."

"సంతకాలు చూశావు. చెట్టు చూడలేదు."

"నేను ఒక్క మీటరు కూడా కలపలేదు బాబాయ్ గారూ," అంది లేజరమ్మ. "కొలిచేటప్పుడు నేను అక్కడ ఉండకూడదని కాంట్రాక్టరు పట్టుబట్టాడు. పోనీ ఒక్కదాన్నే వెళ్ళి చూసొస్తానంటే డ్రైవరు జీపు తాళాలివ్వడు. నాకు నడపడం వచ్చు, లైసెన్సుంది. అయినా ఇవ్వడు. ఆడవాళ్ళకి గేర్లు సరిపడవట."

నత్త ఆమె పక్కన స్టూలు లాక్కున్నాడు. "లేజరు సంగతి నాకు తెలియదమ్మా. పలక పట్టని పిల్లాడికి చెప్పినట్టు చెప్పు."

ఆమె తెర వెలిగించింది. నల్లటి తెర నిండా రంగు రంగుల చుక్కలు. కిందవి నీలం, మధ్యవి పచ్చ, పైవి ఎరుపు.

"విమానం వెలుగు చినుకులు కురిపిస్తుందనుకోండి. కొన్ని చిటారుకొమ్మ ఆకు మీద పడి వెనక్కొస్తాయి. కొన్ని ఆకుల సందుల్లోంచి జారి నేలని తాకి వస్తాయి. తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే ఎంత దూరం వెళ్ళొచ్చిందో తెలుస్తుంది. ఒక్కో చినుకుకీ ఒక్కో చుక్క. కొస చుక్క ఎత్తులోంచి నేల చుక్క ఎత్తు తీసేస్తే చెట్టు పొడుగు. ఇదిగో, ఈ ఎర్ర చుక్క. నేను పొడుగాయన అని పిలుచుకుంటాను."

"ఇది పైనుంచి చూసిన బొమ్మ. పక్కనుంచి చూడొచ్చా?"

ఆమె బొమ్మని రొట్టెముక్క కోసినట్టు నిలువునా కోసి పక్కకి తిప్పింది. పైన గుబురుగా ఎర్ర చుక్కలు. మధ్యలో చెదురుమదురుగా కొన్ని. అడుగున నేల.

నత్త ఎంతసేపు చూశాడంటే, ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని, కిటికీ చూసి, మళ్ళీ గడియారం చూసుకున్నాడు.

"ఈ నేల మరీ నున్నగా ఉందేమిటి? ఇస్త్రీ చేసినట్టు?"

"ప్రోగ్రాం శుభ్రం చేస్తుంది. కొన్ని అబద్ధపు చుక్కలు వస్తుంటాయి, చుట్టూ ఉన్న నేల కంటే మరీ లోతుగా. వెలుగు భూమిలోకి దూరదు కదా! అందుకని వాటిని ఏరి పారేస్తాం. మా పనిలో అందరూ చేసేదే."

"పారేసినవి ఎక్కడున్నాయి?"

"అవా? చెత్తబుట్టలో."

నత్త మొహం మొదటిసారి వెలిగింది. తన వృత్తిలో మనుషులు చాలామంది మోసం చేశారు గానీ చెత్తబుట్ట ఎన్నడూ చెయ్యలేదు. "ఆ బుట్ట ఒకసారి ఇలా బోర్లించమ్మా."

ఆమె రెండు మీటలు నొక్కింది. నున్నటి నేల కింద నల్లటి ఖాళీలో చుక్కలు రాలాయి. పట్టుమని గుప్పెడు లేవు. కానీ చెల్లాచెదురుగా పడలేదు. పైనుంచి చూస్తే ఒకదాని వెనక ఒకటి, వంకర తిరుగుతూ, బెల్లం దొరికిన చీమల్లా బారుగా సాగాయి.

లేజరమ్మ నోట్లోంచి పెన్సిలు జారింది.

"ఇది వాగు," అంది మెల్లగా. "ఇరుకు వాగు. పైన పొదలు కప్పేసి ఉంటే ఏ వేలల్లో ఒక చినుకో అడుగు తాకి ఉంటుంది. ప్రోగ్రాం అబద్ధమనుకుంది. నేను ప్రోగ్రాం మాట నమ్మాను. మా మ్యాపుల్లో ఎక్కడా ఈ వాగు లేదు బాబాయ్ గారూ!"

"పొడుగాయన కొసకీ దీనికీ ఎంత దూరం?"

"పన్నెండు మీటర్లు."

"వాగుంటే ఏంటట?" ఇన్‌స్పెక్టరు పెద్దగా నవ్వాడు. "చెట్టు ఎండకి తాళలేక వాగులోకి దిగి దాక్కుందా?"

నత్త అతని వైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆ చూపు బావమరిదికి నచ్చలేదు.

"రెండింటి దాకా టైమివ్వు. వెళ్ళి చూద్దాం. నాది తప్పని తేలితే, ఇక నుంచి మీ అక్క ముందు కూడా నిన్ను ఇన్‌స్పెక్టరు గారూ అనే పిలుస్తాను."

ఇన్‌స్పెక్టరు అరనిమిషం ఆలోచించాడు. ఆ దృశ్యం కళ్ళకు కట్టినట్టుంది, పెదాలు సాగాయి. "జీపు తియ్యమంటాను," అన్నాడు.

ఆఫీసు వెనక రేకుల షెడ్డులో చెట్టెక్కిన మనిషి తాళ్ళు చుడుతున్నాడు. పొట్టి మనిషి, పొడుగు చేతులు. అందరూ ఉడత అంటారు. షెడ్డు నిండా తాళ్ళు, కొక్కేలు, బెల్టులు. ఒక్కో తాడూ దాని మేకుకే వేలాడుతోంది. పనిమంతుడని గోడలే చెబుతున్నాయి.

"చిటారు దాకా ఎక్కావా?" నత్త అడిగాడు.

"చెట్టంటే నాకు మేడ మెట్లు సార్. కొసన కూర్చుని ఫొటో కూడా తీసుకున్నాను. కాంట్రాక్టరు గారు ఋజువు కావాలన్నారు."

ఫోను చూపించాడు. నోరంతా తెరిచి నవ్వుతున్న ఉడత, చేతిలో టేపు కొస, చుట్టూ ఆకులు.

"ఏ వేళప్పుడు?"

"ఫొటో మీదే ఉంది సార్. మిట్టమధ్యాహ్నం."

"ఆ రోజు మబ్బుందా?"

"మబ్బా? తునక లేదు. మాడు పగిలిపోయిందనుకోండి."

నత్త ఫొటోని వేళ్ళతో సాగదీశాడు. టోపీ నెత్తి మీద లేదు, నడుముకి వేలాడుతోంది. ఉడత కళ్ళు కోడిగుడ్లంత విచ్చుకుని ఉన్నాయి. బుగ్గల మీద, భుజం మీద, తాడు మీద నీడలు. ఆ నీడల మధ్య చిల్లర నాణేల్లా ఎండ చుక్కలు.

"కళ్ళు బాగా తెరిచావు. నడినెత్తిన సూర్యుడుంటే ఎవరికీ ఇంత తెరుచుకోవు."

"అలవాటు సార్."

"మాడు పగులుతుంటే టోపీ నడుముకెందుకు?"

ఉడత తాడు చుట్టడం ఆపాడు.

"నువ్వు చెట్టు కొసన ఉన్నావు. నీ నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. మరి నీ మొహాన ఈ నీడ ఎవరిదయ్యా?"

"పక్షేమో సార్."

"ఆకులున్న పక్షా?"

వెనక ఇన్‌స్పెక్టరు ఫక్కుమన్నాడు. వెంటనే తను ఏ పక్షమో గుర్తొచ్చి దగ్గుగా మార్చాడు. నత్త ఫోను తిరిగిచ్చేసి, "తాళ్ళన్నీ తీసుకురా. అన్నీ," అన్నాడు.

జీపు దగ్గర డ్రైవరు ఈల వేస్తున్నాడు. చేతులకి కొత్త తోలు తొడుగులు తళతళలాడుతున్నాయి. తలుపు మోచేత్తో తీసి పట్టుకున్నాడు.

"గ్లవుజులు కొత్తవా?" నత్త అడిగాడు.

"పోలీసు కేసు కదా సార్! మనకీ కాస్త స్టైలుండాలి."

దారిలో ఇన్‌స్పెక్టరు కేసు వివరాలు చెబుతూ, డ్రైవరున్నాడని గుర్తొచ్చి ఆగాడు. "చెప్పుకోండి సార్, నాకు చెవుల్లేవు. స్టీరింగొక్కటే ఉంది," అన్నాడు డ్రైవరు. ఉడత నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

కొండ దాటాక నత్త ముందుకు వంగాడు. "కొలిచిన చోటికి ఎంత దగ్గరగా వెళ్తే అంత దగ్గరగా పోనివ్వు."

"పోతాను సార్. వాగు వైపు మాత్రం అడక్కండి. అంతా బురద, బండి దిగబడుద్ది."

నత్త వెనక్కి ఆనుకున్నాడు. మబ్బులు సగం ఆకాశం ఎక్కాయి. తుమ్మొచ్చినట్టు ముక్కు రుద్దుకుని, క్యారేజీని ఒళ్ళోకి లాక్కున్నాడు.

జీపు ఆగిన ఎత్తు నుంచి కొంత కిందికి నడవాలి. డ్రైవరు బండి దగ్గరే ఉండిపోయాడు. కొలిచిన చెట్టు మొదట్లో తెల్ల రంగుతో గుర్తుంది. మంచి చెట్టే, నిటారుగా, వయసులో ఉన్న మనిషిలా. దాని వెనక నడుమెత్తు పొదలు, తీగలు, పచ్చటి దుప్పటి పరిచినట్టున్నాయి.

"ఇదిగో నీ పొడుగాయన," ఇన్‌స్పెక్టరు కాండాన్ని చరిచాడు. "యాభై నాలుగు. ఇక ఇంటికి పోదామా బావా? నా పేరు వెనక గారు తగిలించడం ఇప్పట్నించే అలవాటు చేసుకో."

నత్త ఎండుకర్ర ఒకటి ఏరుకుని, పొదల అంచున ఒక్కో చోటా పొడుచుకుంటూ నడిచాడు. పొడిచిన ప్రతిచోటా నేల తగిలింది. ఒకచోట తగల్లేదు. కర్ర మొత్తం దిగింది, అతని చెయ్యీ దిగింది, ఇంకాస్త ఉంటే మనిషే దిగేవాడు. లేజరమ్మ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"దొరికిందమ్మా," అన్నాడు. "నీ చెత్తబుట్ట."

ఉడత తాడు కట్టాడు. ఒకరి తర్వాత ఒకరు తీగల కప్పు కిందికి జారారు. అడుగున చీకటి చల్లగా ఉంది. నీళ్ళు సన్నగా పారుతున్నాయి. కళ్ళు అలవాటు పడ్డాక, ఎదురుగా ఉన్నది బండరాయి కాదని తెలిసింది. బెరడుంది. నలుగురూ చేతులు పట్టుకుని చుట్టూ నిలబడినా అందనంత కాండం, వాగు అడుగున పుట్టి, వెలుగు కోసం గట్టు మీదికి ఒరిగి, తీగల కప్పు చీల్చుకుని పైకి పోయింది. పైన గట్టు చెట్ల గుంపులో కలిసిపోయి మామూలు కాండంలా కనబడింది గానీ దాని కాళ్ళు ఇక్కడున్నాయి.

ఇన్‌స్పెక్టరు తల ఎత్తాడు. ఇంకా ఎత్తాడు. టోపీ నీళ్ళలో పడింది.

"ఇదెక్కడ దాక్కుందిరా నాయనా!"

"నువ్వన్న చోటే," అన్నాడు నత్త.

లేజరమ్మ చేతిలో చిన్న లేజరు కొలమానం ఉంది. దాన్ని వాగు అడుగు నుంచి గట్టు అంచుకి గురిపెట్టింది. ఒకసారి చూసింది. నమ్మకం కుదరక మళ్ళీ గురిపెట్టింది.

"పదహారు మీటర్లు! కొస గట్టు మీదికి వాలి ఉంది కదా, నేను కొస కింద గట్టునే నేల అనుకున్నాను. ఈయన నిలబడింది ఇక్కడ. ఎనభై మూడుకి పదహారు కలపాలి. తొంభై తొమ్మిది, బాబాయ్ గారూ!" కాండానికి వీపు ఆనించి, నవ్వుతూ జారి బురదలో కూర్చుంది. "ఇన్‌స్పెక్టరు గారూ, రాసుకోండి. నేను పదహారు మీటర్లు తగ్గించి రాసిన మాట నిజమే. అరెస్టు చెయ్యండి."

ఇన్‌స్పెక్టరు టోపీ పిండుకున్నాడు. మెత్తబడ్డాడు గానీ లొంగలేదు. "సరే, ఈ అమ్మాయి తప్పు లేదు. అయితే ఎవరి తప్పూ లేదు. సర్వే వాళ్ళు కొస ఉన్న చోటు చెప్పారు, వీళ్ళు ఆ చోట కనబడ్డ చెట్టెక్కారు. పొరపాటు. నేరమేం లేదు. నువ్వు గెలిచినట్టు కాదు బావా, నేను ఓడినట్టూ కాదు."

నత్త అప్పటికి చెట్టు చుట్టూ సగం దూరం వెళ్ళాడు. కాండమంతా తడి నాచు, ముట్టుకుంటే నీళ్ళొస్తున్నాయి. మోకాలెత్తులో ఒక్క పట్టీ మాత్రం నాచు వాడి, చిరిగిన చొక్కా అతుకులా ఉంది. గోటితో లేపాడు. అతుకు ఊడొచ్చింది. వెనక బంకమట్టి. మట్టిలో పసుప్పచ్చటి పొట్టు. మట్టి తీస్తే సన్నటి గాటు. కర్ర దూర్చాడు. కాండంలో మూడో వంతు దాకా దూరింది.

"ఇలా రండి ఇన్‌స్పెక్టరు గారూ. పొరపాటు చూద్దురు గాని."

బావమరిది వచ్చి చూశాడు. మొహంలోంచి నవ్వు దిగిపోయింది.

"మెషీను గాటు కాదు," అన్నాడు నత్త. "పర్మిటు రాకముందు మెషీను మోగితే ఫారెస్టు గార్డు చెవిన పడుతుంది. రెండు పిడుల రంపం. ఇవాళ కోత మొదలయ్యాక ఆ గోలలో మిగతాది కోసేద్దామని. పడిపోయిన చెట్టుకి ఎత్తుండదు కదా."

ఉడత రాయి మీద కూలబడ్డాడు.

"కాంట్రాక్టరు మా మేనమామ సార్," అన్నాడు. "అమ్మ పోయాక పెంచింది ఆయనే. ఆ రోజు పైకెక్కితే, నా నెత్తి మీద ఇంకా ఇంత చెట్టుంది. కిందికి దిగి చెప్పాను. చూడలేదనుకోరా అన్నాడు. అనుకున్నాను. తర్వాత రంపం ఇచ్చాడు."

"రెండో పిడి ఎవరు పట్టారు?"

"నేనొక్కణ్ణే సార్."

"ఒక్కడే కోస్తే గాటు ఒక పక్క లోతుగా పోతుంది. ఇది రెండు వైపులా సమానంగా ఉంది. అవతల నీ అంత ఓపికున్నవాడున్నాడు."

"అది నన్నడక్కండి సార్. చేసింది నేను. నన్ను తీసుకెళ్ళండి."

ఇన్‌స్పెక్టరు బేడీలు తీశాడు. సరిగ్గా అప్పుడే పైన ఆకులు ఒక్కసారిగా గలగలలాడాయి. గాలి దిగింది. పొడుగాయన ఒంట్లో ఎక్కడో లోతున కిర్రుమంది, పాత తలుపు తీసినట్టు. గాటులోంచి పొట్టు రాలింది.

లేజరమ్మ లేచి నిలబడింది. "పడిపోతుందా?"

ఉడత కాండానికి చెవి ఆనించాడు. "మూడింట రెండొంతులు గట్టిగానే ఉందమ్మా. అవతలి గట్టు చెట్లెక్కి, మూడు తాళ్ళు విసిరి, వాలుకి ఎదురుగా బిగిస్తే ఆగుతుంది. గాలి ముదిరితే మాత్రం..." మాట పూర్తి చెయ్యకుండా ఇన్‌స్పెక్టరు చేతిలో బేడీల వైపు చూశాడు.

"ముందు వాణ్ణి చెట్టు కట్టనివ్వరా," అన్నాడు నత్త. "తర్వాత నువ్వు వాణ్ణి కట్టుకో."

రా అన్నందుకు ఇన్‌స్పెక్టరు ఏమీ అనలేదు. బేడీలు జేబులో వేసుకున్నాడు.

ఉడత చెట్టెక్కడం చూడ్డానికి బాగుంది. భయం ఉన్నవాడిలా కాదు, బాకీ ఉన్నవాడిలా ఎక్కాడు. మొదటి తాడు రెండుసార్లు గురి తప్పింది. మూడోసారి చుట్టుకుంది. కింద ముగ్గురూ పాదాలు బురదలో దిగేలా లాగారు. లేజరమ్మ లెక్క పెడుతుంటే లాగారు, ఇన్‌స్పెక్టరు తిడుతుంటే లాగారు. నత్త కూడా లాగాడు, అతని వేగాన అతను. మూడో తాడు బిగిసేసరికి కిర్రుమనడం తగ్గింది.

జీపు దగ్గరికి ఎక్కొచ్చాక ఇన్‌స్పెక్టరు ఫోను ఎత్తి నాలుగు దిక్కులా తిప్పాడు. సిగ్నలు లేదు. కాంట్రాక్టరు మనుషులు లోయ అవతలి కొసన మెషీన్లతో సిద్ధంగా ఉంటారు. కోత ఆపమని కాయితం మీద నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టి, మడిచి డ్రైవరు చొక్కా జేబులో దూర్చాడు.

"రెండింటికి ఇంకా టైముంది, రెండు ముద్దలు తిని బయల్దేరు. నేరుగా వాళ్ళ మేస్త్రీ చేతికివ్వు. నువ్వు చేరకపోతే చెట్టు దక్కదు."

"మీరు నిశ్చింతగా ఉండండి సార్. రెక్కలు కట్టుకుని పోతాను," అన్నాడు డ్రైవరు. "ఇంతకీ ఏం దొరికిందేంటి?"

"తినేటప్పుడు మాట్లాడకూడదు," అన్నాడు నత్త. "మా ఇంటావిడ శాసనం. క్యారేజీ ఆవిడది."

ఇన్‌స్పెక్టరు వేలు పెదాల మీద పెట్టుకుని అందరికీ చూపించాడు. ఆ ఒక్క విషయంలో బావా బావమరుదులకి ఎప్పుడూ తేడా రాలేదు.

గాలికి ఎగరకుండా పట్టా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి పరిచారు. డ్రైవరు సీసా వంచి అందరి చేతుల మీదా నీళ్ళు పోశాడు. తనవి కడుక్కోలేదు. గ్లవుజులు తీసి తొడ కింద పెట్టుకున్నాడు, జీపు తాళాలు మోకాలి పక్కన పెట్టుకున్నాడు. క్యారేజీ విప్పారు. రొట్టెలు, ఉడికించిన గుడ్లు, బంగాళాదుంపల కూర, అడుగు గిన్నెలో ఉప్పు, సగానికి కోసిన నిమ్మచెక్కలు. ఇద్దరి తిండి ఐదుగురికి పంచారు.

నత్త నమలసాగాడు. అతనికి ఒక్కటే సంగతి గొంతులో అడ్డం పడింది. మ్యాపులో లేని వాగు. పొద్దున చెత్తబుట్ట బోర్లించే దాకా లేజరమ్మకే తెలియని వాగు. జీపులో ఎవరూ దాని పేరెత్తలేదు. అటు బురదని మాత్రం డ్రైవరుకి తెలుసు.

చెబుదామంటే శాసనం అడ్డం. శాసనం పోనీ అనుకున్నా, కాయితం అతని జేబులో ఉంది, తాళాలు అతని మోకాలి పక్కన ఉన్నాయి. ఒక్క మాట జారితే జీపు ఉండదు. వాగు గురించి ఎక్కడో విన్నానని అతనంటే చేతిలో ఋజువూ ఉండదు.

నత్త చెయ్యి చాపి అడుగు గిన్నె అందుకున్నాడు. ఒక్కో నిమ్మచెక్కా ఉప్పులో అద్ది ఒక్కొక్కరికీ అందించాడు. గుడ్డు మీద పిండుకోండని సైగ చేశాడు. తనూ పిండుకున్నాడు.

లేజరమ్మ పిండుకుంది. ఇన్‌స్పెక్టరు పిండుకుని, చాల్లేదని ఇంకోసారి పిండాడు. ఉడత చెక్కని అరచేతిలోకి తీసుకున్నాడు. పిడికిలి బిగించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా పిండాడు. చెయ్యి తెరిస్తే అరచేతి నిండా చిట్లిన బొబ్బలు, రంపం పిడి అచ్చు వేసినట్టు అడ్డంగా.

డ్రైవరు నవ్వుతూ చెక్కని రెండు వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు. నొక్కాడు. రసం వేలి మీంచి జారి అరచేతిలోకి దిగింది.

పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చిన చప్పుడు. అంతే. ఉడత తల వంచుకుని తన పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు.

ఇన్‌స్పెక్టరు దవడ ఆగింది. ఉడత చెయ్యి చూశాడు. డ్రైవరు చెయ్యి చూశాడు. రెండు చేతులకీ ఒకే వరస బొబ్బలు. బావ వైపు చూశాడు. నత్త గుడ్డు కొరుక్కుంటున్నాడు.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు. నములుతూనే ఎడం చెయ్యి చాపి, మోకాలి పక్కనున్న తాళాలు తీసుకున్నాడు. అదే చేత్తో డ్రైవరు జేబులోంచి కాయితం లాగాడు. డ్రైవరు కదలబోయాడు. ఇన్‌స్పెక్టరు క్యారేజీలో మిగిలిన ఆఖరి గుడ్డు తీసి అతని పళ్ళెంలో పెట్టి, తినమన్నట్టు తల ఊపాడు. దాని పక్కనే బేడీలు కూడా పెట్టాడు.

తాళాలనీ కాయితాన్నీ పట్టా మీదుగా లేజరమ్మ ముందుకు తోశాడు.

ఆమె వాటిని చూసింది. పొద్దున తనను పట్టుకుపోవడానికి వచ్చిన మనిషిని చూసింది. చేతిలో రొట్టెముక్క నోట్లో కుక్కుకుని, బుగ్గలు ఉబ్బించుకుని, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ పరుగెత్తింది. జీపు ఒక్క కుదుపుతో బయల్దేరింది. గేర్లు చక్కగా పడ్డాయి.

కింద వాగు వైపు నుంచి గాలికి తాళ్ళు బిగిసి మూలుగుతున్నాయి. మబ్బు కొండంతా ఆక్రమించింది. పట్టా మీద నలుగురు మగవాళ్ళు, లోయ అవతల రంపం మొదలవుతుందా లేదా అని చెవులు రిక్కించి, ఖాళీ క్యారేజీ ఇంటికి తీసుకెళ్ళాలి కనక, ఆఖరి బంగాళాదుంప ముక్క దాకా నోరెత్తకుండా తిన్నారు.